ఆఖరి రెండు వరసలు

ప్లేటు మూత తియ్యకుండానే సంగతి తెలిసిపోయింది. మీగడలా పలచగా పరుచుకున్న బాక్టీరియా నడుమ మందులో ముంచిన చిన్న కాగితం బిళ్ల, ఆ బిళ్ల చుట్టూ బొటనవేలి గోరంత మేర ఖాళీ. ఆ ఖాళీ అద్దంలా తేటగా ఉంది. అందులో ఏదీ బతకలేదు.

సూక్ష్మం ప్లేటుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. పక్కన ఇంకో రెండు ప్లేట్లున్నాయి. వాటినీ అలాగే ఎత్తి చూసింది. మూడింటిదీ ఒకటే మాట.

ఆమె అసలు పేరు గది తలుపు మీది పలకకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నోరు విప్పితే సూక్ష్మజీవుల ఊసే తప్ప ఇంకో ఊసు ఉండదనీ, మనిషి కూడా పిసరంతే ఉంటుందనీ అక్క మొగుడు సరదాకి పెట్టిన పేరు ఇంట్లో నిలిచిపోయి, మెల్లగా ల్యాబుకీ పాకింది.

"కషాయం, ఒకసారి ఇలా రా" అంది.

అవతలి బల్ల దగ్గర జామాకులు ఉడకబెడుతున్న మనిషి మంట తగ్గించి వచ్చాడు. చదువులో ఆమెకి సమానుడే గాని రోజంతా ఆకులు కాచి వడకట్టడమే పని కావడంతో అతనికీ ఆ పేరు తప్పలేదు. వడకట్టిన ఆకు నీళ్లలో వెండి ఉప్పు కలిపి పెట్టేవాడు. లేత టీ రంగులో ఉన్న నీళ్లు కాసేపటికి ముదిరి కాఫీ రంగుకి తిరిగేవి. రంగు తిరిగిందంటే కంటికి ఆనని వెండి నలుసులు పుట్టాయన్నమాట. ఆ నీళ్లు చల్లితే టమాటా ఆకు మీది మచ్చ తెగులు చెప్పినట్టు విని వెనక్కి తగ్గేది. అతని పనితనానికి సూక్ష్మం ఎన్నోసార్లు ముచ్చటపడింది కూడా.

"ఇది మచ్చ తెగులు ప్లేటేనా మేడమ్?"

"కాదు. నాది. మా బావ తోటలో వేళ్లకి పట్టించిన రకం."

కషాయం వంగి చూశాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నా మందుకి మంచివాళ్లు, చెడ్డవాళ్లు అన్న తేడా తెలీదు మేడమ్" అన్నాడు చివరికి. "ఆకు మీద చల్లినంతసేపూ గొడవ లేదు. వేరుకి పొయ్యమని నేనెప్పుడూ అనలేదు. పెద్దాయన అంటున్నాడు."

పెద్దాయన అంటే ల్యాబు పెద్ద. వేరు దగ్గర సూక్ష్మం పెంచిన మంచి బాక్టీరియా, దాని మీద కషాయం చేసిన వెండి నీళ్లు, రెండూ మొక్క మొదట్లోనే చేర్చి, వేరు నుంచి చిగురు దాకా ఒకే రక్ష అని చూపించాలని ఆయన ఆశ. ఆ మందు తయారుచేసి అమ్మడానికి ముందుకొచ్చిన కంపెనీవాళ్లు ఎల్లుండే తోట చూడ్డానికి వస్తున్నారు. ఆ తోట అక్కా బావలది.

సూక్ష్మం మూడు ప్లేట్లూ పట్టుకుని పెద్దాయన గదికి వెళ్లింది. ఆయన శ్రద్ధగానే చూశాడు. ఒక్కో ప్లేటూ తిప్పి తిప్పి చూశాడు.

"బిళ్ల మీద వేసింది చిక్కటి మందు కదమ్మా" అన్నాడు. "మట్టిలో అంత చిక్కగా ఎక్కడుంటుంది? మట్టంటే మాటలా. పోసింది పోసినట్టు అందులో కలిసిపోతుంది. నీ పురుగులకి దాక్కోడానికి సందులుంటాయి, మూలలుంటాయి. ప్లేటు మీద పాపం వాటికి ఆ సదుపాయం లేదు."

"నిజమే సార్. కాని కుండీల్లో ఒకసారి చూసి, ఆ తర్వాత తోటకి వెళ్తే బాగుంటుందేమో."

"చూద్దాం. తప్పకుండా చూద్దాం. వాళ్లు వచ్చి వెళ్లనీ" అంటూ ఫ్లాస్కు మూత తిప్పి, రెండు కప్పుల్లో టీ పోసి ఒకటి ఆమె వైపు జరిపాడు. "సొంతవాళ్ల తోట కదా, బెంగ ఉంటుంది. నాకు తెలుసు. నీ పురుగు మీద నీకంటే నాకే నమ్మకం ఎక్కువ, తెలుసా?"

ఆయన కసురుకుని ఉంటే సూక్ష్మం వాదించేదేమో. టీ పోశాడు. ఆమె తాగి, కప్పు కడిగి పెట్టి, ప్లేట్లు పట్టుకుని వచ్చేసింది.

*

తోట అంటే ప్లాస్టిక్ కప్పిన రెండు పొడుగాటి షెడ్లు. మొదటిదాంట్లో టమాటా నడుమెత్తు దాటి, పైకప్పు నుంచి వేలాడే పురికొసలకి చుట్టుకుని, గుత్తులు కట్టింది. అడుగున కాయలు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నాయి. రెండోదాంట్లో ఇంకా లేత మొక్కలే. షెడ్డులో అడుగుపెడితే చాలు, చెమటా ఆకుపసరూ కలిసిన వాసన ఒళ్లంతా పట్టుకునేది.

అక్క వరస మధ్యలో నిలబడి పిలకలు గిల్లుతోంది. కొమ్మకీ కాండానికీ మధ్య మొలిచే పిలకని రెండు వేళ్లతో పట్టి పక్కకి వంచితే టక్కున ఊడొచ్చేది. ఆ పసరుకి ఆమె వేళ్లు నల్లబడి, ఎంత తోమినా వదలని రంగుకి తిరిగాయి.

"వచ్చావా. నీ పెళ్లివారు ఎన్నింటికొస్తారు?" అంది తలెత్తకుండానే.

"దారిలో ఉన్నారట."

"మీ బావ పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలపడం లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు చూడు, షెడ్డులోకి."

బావ అటు చివర డ్రమ్ము దగ్గర కషాయంతో మాట్లాడుతున్నాడు. నిజంగానే ఇస్త్రీ చొక్కా. అప్పటికే వీపంతా తడిసి అంటుకుపోయింది. సూక్ష్మాన్ని చూడగానే చెయ్యి ఊపి పిలిచాడు.

"ఏమోయ్ సూక్ష్మం, ఇదేదో కాఫీ తెచ్చారు మా మొక్కలకి. పాలూ పంచదారా లేవుగాని రంగు మాత్రం అదే."

డ్రమ్ములో ముదురు గోధుమ రంగు నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. బావ ముఖం అందులో వంకరగా కనపడుతోంది.

"నిజం చెప్పు" అన్నాడు, గొంతు కాస్త తగ్గించి. "నాట్లప్పుడు నువ్విచ్చిన తోడు వేసిన దగ్గర్నుంచి ఈ షెడ్డులో ఒక్క మొక్క తల వాల్చలేదు. పోయిన పంటకి సగం తోట కళ్లముందే ఎండిపోయింది, నీకూ తెలుసు. ఇప్పుడు అన్నీ బాగున్నప్పుడు పైన ఇంకోటి ఎందుకూ అని నా మనసు పీకుతోంది. అయినా నాకేం తెలుసు. నువ్వు పొయ్యమంటే పోస్తా."

ఆమె ఇచ్చిన బాక్టీరియా నీళ్లని బావ మొదటి నుంచీ తోడు అనే అనేవాడు. పాలల్లో వేసినట్టు వేస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది అని నలుగురికీ చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా సూక్ష్మానికి లోలోపల గర్వంగా ఉండేది.

కషాయం పైపు చివర బిగిస్తున్నట్టు నటిస్తూ ఆమె వైపు చూస్తున్నాడు. గేటు దగ్గర పెద్దాయన ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నాడు. సూక్ష్మం ఒక్క క్షణం డ్రమ్ములోకి చూసింది.

"పొయ్యి బావా" అంది. "మట్టిలో కలిసిపోతుంది. ఏం కాదు."

అది పెద్దాయన మాట. ఆమె నోట్లోంచి వచ్చేసరికి ఆమె మాటే అయిపోయింది.

బావ చొక్కా చేతులు పైకి మడిచి పైపు అందుకున్నాడు. మొక్క మొదట్లో కొంచెం కొంచెంగా, డ్రిప్పు పైపుకి తగలకుండా, ఆకు మీద చుక్క పడకుండా పోసుకుంటూ వెళ్లాడు. ఏ పనైనా ఆయన చేస్తుంటే చూడబుద్ధేస్తుంది. పొయ్యమన్నంతే పోశాడు. తడిసిన మేర మట్టి కాసేపు నల్లగా కనపడి, తర్వాత మామూలు రంగుకి వచ్చేసేది. చివర రెండు వరసలు మిగిలాయనగా డ్రమ్ము అడుగంటింది. సరిగ్గా అప్పుడే బయట కార్ల చప్పుడైంది.

"ఆ రెంటికీ తర్వాత చూద్దాంలెండి" అన్నాడు కషాయం, డ్రమ్ము పక్కకి దొర్లిస్తూ.

కంపెనీవాళ్లు వచ్చారు. కాయలు పట్టుకుని బరువు చూశారు, ఆకులు తిరగేసి చూశారు. ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని మరీ మట్టి వాసన చూశాడు. పెద్దాయన మాట్లాడుతుంటే బావ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పాడు. వెళ్లేటప్పుడు అందరూ ఆయనతో చేతులు కలిపారు. ఆ తర్వాత ఆ రెండు వరసల సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు.

*

వారం తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది.

"మధ్యాహ్నం ఎండకి మొక్కలు వాలుతున్నాయే. సాయంత్రానికి లేస్తున్నాయనుకో. ఎండ ఎక్కువై అంటావా?"

మర్నాడు మళ్లీ చేసింది. ఈసారి వాలినవి లేవలేదు.

పెద్దాయన స్వయంగా బయల్దేరాడు. దారంతా సూక్ష్మం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

షెడ్డులోకి వెళ్లి చూసింది. మొక్కలు ఎండలేదు. పచ్చగానే ఉన్నాయి. పచ్చగా ఉంటూనే, తడిగుడ్డలు ఆరేసినట్టు పురికొసల మీంచి వేలాడుతున్నాయి. కాయలు మాత్రం ఏమీ ఎరగనట్టు గుత్తులుగా నిలిచి ఉన్నాయి. అక్క ఒక మొక్క తల పట్టుకుని పైకి ఎత్తి, వదిలేసింది. అది మళ్లీ వాలిపోయింది.

బావ గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఎవరూ అడగకుండానే తెచ్చాడు, పోయిన పంటకి ఇదంతా చూసినవాడే గనక. పెద్దాయన కాండం కోసి, ముక్క అంచు నీళ్లకి తగిలేలా పట్టుకున్నాడు. అందరూ గ్లాసు వైపే చూస్తున్నారు. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లటి దారం లాంటిది జారి, నీళ్లలో మెల్లగా కిందికి దిగింది. పాలచుక్క దారమై సాగినట్టుంది. మొక్కని వాడ్చేసే వాడు తెగులు. మొక్క నరాల్లో నిండిపోయి నీళ్లు ఎక్కనివ్వని బాక్టీరియా.

"అదే" అన్నాడు బావ.

పెద్దాయన గ్లాసు కింద పెట్టి, వంగి మొదట్లో మట్టి పిసికి చూశాడు. మట్టి ముద్దయింది.

"నీళ్లు ఎక్కువ పెట్టినట్టున్నారే" అన్నాడు.

"ఎప్పుడూ పెట్టినంతే పెట్టానండి."

"ఈ ఎండలకి కాస్త భయపడి ఉంటారు. అందరూ చేసే పొరపాటే. వేరు ఊపిరాడక మెత్తబడితే ఈ తెగులుకి తలుపు తీసినట్టే. మనం ఎంత రక్ష పెట్టినా లాభం ఉండదు." ఆయన గొంతులో నింద లేదు, ఓదార్పే ఉంది. ఆ ఓదార్పుతోనే సూక్ష్మం వైపు తిరిగాడు. "ఏమంటావమ్మా?"

బావ కూడా ఆమె వైపే చూశాడు. ఇస్త్రీ లేని చొక్కా, మోకాళ్ల దాకా మట్టి. ఏదో తేలుతుందని ఎదురుచూసే చూపు.

సూక్ష్మానికి మూడు ప్లేట్లూ కళ్లముందు మెదిలాయి. మట్టి వేరు, ప్లేటు వేరు. రుజువు లేదు. అందరి ముందూ అనేసి, తీరా అది కాకపోతే? పైగా అనాలంటే ముందు తను పొయ్యమన్న సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

"నీళ్లు కూడా ఒక కారణం కావచ్చు" అంది.

బావ తల ఊపాడు. ఒకసారి కాదు, మెల్లగా చాలాసార్లు ఊపాడు.

"మరదలు కూడా అదే అంటోందంటే అంతే అయి ఉంటుంది. మొన్న ఎండ మరీ ఎక్కువగా ఉందని ఒక పూట అదనంగా వదిలా. నా చేతులతో నేనే చేసుకున్నా."

అక్క నల్లబడ్డ వేళ్లు కొంగుకి తుడుచుకుంటూ చెల్లెలి ముఖంలోకి ఒక్కసారి చూసి, వెళ్లి పురికొసలు సర్దడం మొదలుపెట్టింది.

"వాలినవన్నీ పీకి కాల్చెయ్యండి. అసలు మొత్తం తీసేస్తేనే మంచిది, లేకపోతే రెండో షెడ్డుకి పాకుతుంది" అని చెప్పి పెద్దాయన కారు వైపు నడిచాడు.

ఆయన వెనకే వెళ్లబోతూ సూక్ష్మం షెడ్డు చివరి దాకా చూసింది. అటు చివర, గోడని ఆనుకుని, ఆకులు నిటారుగా నిలబడ్డ పచ్చదనం కనపడింది. గబగబా నడిచి వెళ్లింది. ఆఖరి రెండు వరసలు. ఒక్క మొక్క వాలలేదు. చిగుళ్లు మిసమిసలాడుతున్నాయి. పక్క వరసలో మొక్క నేలకి వంగి ఉంది, దీని ఆకు దానికి తగులుతోంది. రెంటి మధ్యా ఉన్న తేడా డ్రమ్ము అడుగంటడం ఒక్కటే.

ఆ క్షణంలో ఆమె కేకేసి బావని పిలిచి ఉండొచ్చు. ఇటు చూడు బావా అని వేలు పెట్టి చూపించి ఉంటే సరిపోయేది. వేలు పెట్టి చూపించకుండా, సంచీలోంచి చిన్న తవ్వుకోల తీసి, ఆ వరసల్లోంచీ వాలిన వరసల్లోంచీ పీచువేళ్లు మట్టితో సహా కవర్లలో వేసుకుంది. ఖాయం చేసుకున్నాక చెబుదామనుకుంది. ఊరికే అనుమానం చెప్పి ఏం లాభం, రుజువుతో వచ్చి చెబితే పెద్దాయన కూడా కాదనలేడు అనుకుంది. చేతులు దులుపుకుంటూ కారెక్కేటప్పుడు ఆమె మనసు కొంచెం తేలికపడ్డట్టు కూడా అనిపించింది.

*

వేళ్లు కడిగిన నీళ్లని ప్లేట్ల మీద పరిచి, వెచ్చటి అరలో పెట్టి తలుపు వేశాక ఇక చెయ్యడానికేమీ ఉండదు. పెరిగేదాకా ఆగాలి. సూక్ష్మం ఇంటికి పోయి బట్టలు మడతపెట్టింది, వచ్చి సీసాలు కడిగింది. కడిగినవే మళ్లీ కడుగుతుంటే కషాయం చూసి ఊరుకున్నాడు.

ఆ మర్నాడు అక్క ఫోన్ చేసింది.

"ఆ వేళ్లేవో పట్టుకెళ్లావు కదా. ఏమైనా తెలిసిందా?"

"ఇంకా లేదక్కా. రేపు తెలుస్తుంది."

"మీ బావ తొందరపడుతున్నాడే. మొత్తం పీకేస్తానంటాడు. రెండో షెడ్డైనా దక్కించుకోవాలి కదా అని."

"ఒక్కరోజు ఆగమను."

"ఎందుకని చెప్పను?"

సూక్ష్మం అర తలుపు వైపు చూసింది. లోపల ప్లేట్లున్నాయి. ఇంకా ఏమీ చెప్పలేదవి.

"ఊరికేనే. ఒకసారి చూసి చెప్తాను."

 ఫోన్లో అవతల షెడ్డులో ఎవరో పురికొసలు తెంచుతున్న చప్పుడు వినపడింది.

"ఊరికే అంటే ఆగుతాడా ఆయన" అంది అక్క. "సరే, చెప్తాలే."

మరునాడు పొద్దున్నే సూక్ష్మం గది కిటికీలు మూసి, దీపాలార్పి, నీలి దీపం వేసింది. ఆమె పెంచిన రకానికి ఒక గుణం ఉంది. ఆ దీపం కింద పెడితే లేత పచ్చగా వెలుగుతుంది. వాలిన వరసల ప్లేట్లు ఒక్కొక్కటీ దీపం కింద పెట్టింది. చీకటి. తెగులు బాక్టీరియా జిగురుగా ఎక్కడపడితే అక్కడ పెరిగింది గాని వెలుగన్నది లేదు. తర్వాత ఆఖరి రెండు వరసల ప్లేటు పెట్టింది.

ప్లేటంతా పచ్చటి చుక్కలు. మిణుగురులు వాలినట్టుంది.

ఆమె కషాయాన్ని పిలిచింది. అతను చీకట్లో తడుముకుంటూ వచ్చి, పక్కన నిలబడి, రెండు రకాల ప్లేట్లూ మార్చి మార్చి చూశాడు.

"నా మందు పడిన చోటల్లా మీ కాపలావాళ్లు పోయారు" అన్నాడు. "తెగులువాడికి అడ్డు లేకుండా పోయింది. పడని చోట ఇంకా కాపలా కాస్తున్నారు."

"అంతే."

"పెద్దాయనకి నేను చెప్తా మేడమ్. ఏమన్నా పడతా. మీరు ముందు తోటకి వెళ్లండి. ఆ రెండు వరసలూ ఉంచమనండి. మళ్లీ ఎక్కడ్నుంచి తెస్తాం అలాంటి సాక్ష్యం?"

ఆమె ప్లేట్లు మెత్తటి గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుంది. ఫోన్ చేద్దామనుకుని, చేత్తో చూపిస్తూ చెప్పాల్సిన మాట అని బస్సెక్కింది. దారిలో ఎన్నో రకాలుగా మాట కూర్చుకుంది. నీ తప్పేం లేదు బావా అని మొదలుపెట్టాలి. అక్కడ్నుంచి మొదలుపెడితే మిగతాది దానంతటదే వస్తుంది.

*

మలుపు తిరగ్గానే పొగ కనపడింది. 

షెడ్డు వెనక ఖాళీ జాగాలో పెద్ద కుప్ప. పచ్చి మొక్కలు కదా, మంట లేవక తెల్లటి పొగ చిక్కగా కమ్ముకుంటోంది. కాయలు చిట్లి చిటపటమంటున్నాయి. బావ కర్రతో కుప్పని కిందా మీదా చేస్తున్నాడు. షెడ్డు లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏమీ లేదు. వేలాడే పురికొసలు, వాటి కింద పీకిన గుంటలు. అక్క ఆ గుంటలు పారతో పూడుస్తోంది.

సూక్ష్మం గోడ దాకా నడిచింది. అక్కడా గుంటలే.

"ఆఖరివి బాగానే ఉన్నాయి కదక్కా" అంది.

"బాగానే ఉన్నాయి. పీకుతుంటే మీ బావకి చెయ్యి రాలేదు. పెద్దాయన మొత్తం తీసెయ్యమన్నాడు కదా, ఇవాళ బాగున్నవి రేపు వాలవా అన్నాడు. ఒక్కరోజు ఆగమని నువ్వన్నమాట చెప్పా. ఎందుకట అన్నాడు. ఊరికేనట అన్నా." అక్క పార నేలకి ఆనించింది. "నాకు తెలిసింది అంతేగా."

సూక్ష్మం పొగ దగ్గరికి వెళ్లింది. కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ప్లేట్లు తియ్యలేదు, ఎండలో అవి వెలగవు కూడా. నిలబడే చెప్పింది. మొదటి ప్లేట్ల దగ్గర్నుంచి, పెద్దాయన పోసిన టీ దగ్గర్నుంచి, నీలి దీపం దాకా ఏదీ దాచకుండా చెప్పింది. బావ కర్ర మీద చెయ్యి ఆన్చి చివరి వరకూ విన్నాడు. మధ్యలో పొగ ముఖానికి కొడితే పక్కకి జరిగాడు, అంతే.

"అంటే నీళ్లు కాదు" అన్నాడు.

"కాదు బావా."

"గ్లాసులో చూసిన రోజు నీకు తెలుసా?"

"అనుమానం ఉంది."

"పొయ్యమన్న రోజు?"

"అప్పుడూ ఉంది."

బావ కర్రతో ఒక కొమ్మని నిప్పుల్లోకి నెట్టాడు. అది బుసబుసమని ముడుచుకుపోయింది.

"అనుమానం అని ఒక్క మాట నా చెవిన వేసి ఉంటే ఆగేవాణ్ణి సూక్ష్మం. నేనేమైనా రుజువు అడుగుతానా? కంపెనీవాళ్లతో ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి." పొగ అవతలి తోటల వైపు చూశాడు. "పక్క తోటలవాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. నేనే తెలివితక్కువగా నీళ్లు ఎక్కువ పెట్టుకున్నా, మీరు జాగ్రత్త అని అందరికీ చెప్పా. వాళ్లు నీళ్లు తగ్గించేశారు. ఈ ఎండల్లో. ఇప్పుడు ఇంటింటికీ వెళ్లి కాదని చెప్పాలి."

"నేను చెప్తా బావా. నేనే వెళ్తా."

"నువ్వు చెబితే నమ్ముతారా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే ఆలోచిస్తున్నట్టు అన్నాడు.

అంతలో బావ ఫోన్ మోగింది. చేతులకి మసి ఉందని వేలి కణుపుతో నొక్కి, స్పీకర్లో పెట్టాడు. అవతల పురుగుమందుల కొట్టాయన. ఆయన మాట గేటు దాకా వినపడుతుంది.

"మట్టి మీద ప్లాస్టిక్ కవరు పరిచారా? నేను మందు తీసుకుని బయల్దేరుతున్నా. అంచులు గట్టిగా మూసెయ్యండి. డ్రిప్పులోంచి మందు వదిలితే ఆవిరై మట్టంతా పట్టేస్తుంది. మంచీ చెడూ ఏదీ మిగలదు, కొత్త మట్టి వేసినట్టే. వచ్చే పంటకి తెగులొస్తే నన్నడగండి, గ్యారంటీ నాది."

"పరుస్తున్నామండి. రండి."

బావ ఫోన్ జేబులో వేసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ తోటలో ఏ మందు పడాలన్నా ముందు ఫోన్ మోగేది సూక్ష్మం దగ్గరే. ఆ కొట్టాయన పేరెత్తితేనే బావ నవ్వేవాడు.

"బావా" అంది. "ఆ చివర రెండు వరసల మట్టి వదిలెయ్. మొక్కలు పోయినా నా పురుగు ఆ మట్టిలో ఇంకా ఉంది. అక్కడ మళ్లీ నాటి చూద్దాం. మందేమీ పొయ్యకుండా, ఉత్త తోడుతోనే."

"వదిలేస్తే అక్కడ తెగులు ఉండదా?"

"ఉంటే ఉండొచ్చు కొంచెం. కాని దాన్ని ఇది అణిచిపెడుతుంది. ఇన్నాళ్లూ అణిచిపెట్టింది."

"మళ్లీ అక్కణ్ణుంచి షెడ్డంతా పాకదని గ్యారంటీ ఇస్తావా?"

సూక్ష్మం నోరు తెరిచింది. ఇవ్వాలనిపించింది. ఒక్క మాట. కొట్టాయన ఎంత సునాయాసంగా ఇచ్చాడో అంత సునాయాసంగా ఇచ్చెయ్యొచ్చు. కాని ఎండలు ఎలా ఉంటాయో, మట్టిలో ఏది ఎంత ఉందో, తన పురుగు ఒంటరిగా ఎంత కాలం తట్టుకుంటుందో ఆమెకి నిజంగానే తెలియదు. దాచినంత దాచాక ఇప్పుడు తెలియనిది తెలుసని చెప్పలేకపోయింది.

"గ్యారంటీ అంటే ఇవ్వలేను బావా."

బావ తల ఊపాడు. "ఆయన ఇస్తున్నాడు" అన్నాడు. కర్ర పక్కన పారేసి, షెడ్డులోకి నడిచాడు. కొంచెం దూరం వెళ్లి, వెనక్కి తిరగకుండానే, "కావాలంటే ఒక బకెట్ మట్టి తీసుకెళ్లు" అన్నాడు.

బకెట్ మట్టితో చేసేదేముంది. పురుగు ల్యాబులో సీసాలో భద్రంగా ఉంది, కావలసినంత పెంచుకోవచ్చు. తెగులు ఎదురుగా వచ్చినా నిలబడి కాసిన ఆ నాలుగడుగుల నేలా, ఆ నేల గలవాడి నమ్మకమూ మాత్రం సీసాలో దొరకవు.

కవరు చుట్ట చాలా బరువుగా ఉంది. అక్కా బావా చెరో అంచూ పట్టి పరుస్తుంటే గాలికి మధ్యలో ఉబ్బి, చేతుల్లోంచి జారిపోతోంది. ఇద్దరితో అయ్యే పని కాదు. బావ ఇటు లాగితే అటు లేస్తోంది. వాళ్లు ఆమెని పిలవలేదు. రావద్దనీ అనలేదు.

సూక్ష్మం సంచీ గోడకి ఆనించి పెట్టి, చెప్పులు విడిచి, గోడవైపు అంచు పట్టుకుంది. ముగ్గురూ కలిసి లాగితే కవరు సాఫీగా పరుచుకుంది. దాని కింద మట్టి రంగు మసగ్గా కనపడింది. అక్క పార అందించింది. సూక్ష్మం అంచు పొడుగునా చిన్న కాలవ తీసి, కవరు అందులోకి మడిచి, పైన మట్టి వేస్తూ వచ్చింది.

"సందు ఉండకూడదట. ఆవిరి పోతే పనిచెయ్యదట" అంది అక్క, అటువైపు నుంచి.

"ఆఁ" అంది సూక్ష్మం. ఆఖరి రెండు వరసల దగ్గర మట్టి వదులుగా ఉంది. అక్కడ ఇంకో రెండు పారలు ఎక్కువ వేసి, పాదంతో గట్టిగా అదిమి, గాలి వస్తుందేమోనని వంగి చెయ్యి పెట్టి చూసింది. రావడం లేదు. జరిగి, పక్క వరస మొదలుపెట్టింది.